ఉపాధి హామీలో కొబ్బరి తోట, గట్టు టేకు: డెల్టా రైతులు దరఖాస్తు ఇలా పెట్టుకోవాలి

అయిదెకరాల లోపు భూమి, ఇంట్లో జాబ్ కార్డు ఉన్న రైతు తన పొలంలో కొబ్బరి, మామిడి లాంటి తోటలు, గట్ల మీద టేకు ఉపాధి హామీ పథకం కింద వేయించుకోవచ్చు. మొక్కలు, గుంతలు, నాటడం ఖర్చు పథకానిదే. తర్వాత మూడేళ్లు సంరక్షణకూ డబ్బు వస్తుంది, కాకపోతే బతికున్న మొక్కల లెక్కనే.

దరఖాస్తును ఊళ్లో ఫీల్డ్ అసిస్టెంట్‌కి గానీ, ఎంపీడీవో ఆఫీసులో ఏపీవోకి (మండలంలో ఉపాధి హామీ పనులు చూసే అధికారి) గానీ ఇచ్చి రసీదు అడిగి తీసుకోండి. జాబ్ కార్డు, ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, 1బి (భూమి ఎవరి పేరున ఉందో చూపే రెవెన్యూ రికార్డు), బ్యాంకు పాసుపుస్తకం జిరాక్సులు జతచేయాలి.

చిక్కంతా 1బి దగ్గరే. అనుభవిస్తున్నది మనవడు, రికార్డులో తాతగారు. కోనసీమలో ఇలాంటి భూములకు కొదవలేదు. ముందు మ్యుటేషన్, అంటే రికార్డులో మీ పేరుకి మార్పు, చేయించుకోండి.

కౌలుకి చేసేవాళ్ల సంగతి ఇంకా ఇబ్బంది. కౌలు కార్డు గడువు 11 నెలలు, కొబ్బరి కాపుకొచ్చేసరికి ఏళ్లు పడుతుంది. ఆ కార్డు పంట రుణానికి పనికొస్తుంది గానీ దీనికి కాదు. దరఖాస్తు భూ యజమాని పేరుతోనే వెళ్లాలి, ఆయనకూ పై అర్హతలు ఉండాలి. డెల్టాలో సాగు చాలావరకు కౌలుదార్ల చేతిలోనే ఉంది కాబట్టి, నా దృష్టిలో ఈ పథకానికి పెద్ద లోటు ఇదే.

కాలువ గట్టు మీ చేనుకి ఆనుకునే ఉన్నా అది ఇరిగేషన్ శాఖది, దరఖాస్తులో కలపకండి.

టెక్నికల్ అసిస్టెంట్ పొలం చూడ్డానికి వచ్చినప్పుడు దగ్గరుండండి. తొలకరిలో నీళ్లు నిలిచే పల్లపు చేను అయితే దాచకుండా చెప్పండి, నీట మునిగిన టేకు బతకదు. కొబ్బరికి 8 మీటర్ల ఎడం ఇస్తే ఎకరాకు 60 పైచిలుకు మొక్కలు పడతాయి. అంబాజీపేట పరిశోధనా స్థానం ఇచ్చిన గోదావరి గంగ రకం కావాలంటే అప్పుడే అడగండి. సరఫరా ఎవరిదో తేలకుండా కడియం నర్సరీలకు వెళ్లి మొక్కలు కొనేయొద్దు.

గ్రామసభ ఆమోదం, అంచనా, మంజూరు అయ్యాకే పని మొదలుపెట్టాలి. తొందరపడి పొక్లెయిన్‌తో గుంతలు తీయిస్తే బిల్లు రాదు. కూలీల హాజరు పడితేనే మస్టరు (హాజరు పట్టీ) చెల్లుతుంది.

కూలి డబ్బు ఆధార్‌కి చివరగా లింకైన ఖాతాలో పడుతుంది. రాలేదని టెన్షన్ పడేముందు, మీకు ఇంకో బ్యాంకులో ఖాతా ఉంటే ఆ పాసుపుస్తకం కూడా ఓసారి ఎంట్రీ వేయించి చూసుకోండి.