ఫిలిప్పీన్స్‌లోని ఒక పల్లె మునిసిపాలిటీ ప్రొఫైల్ రాయడం ఎలా

స్థానిక ప్రభుత్వాలను పోల్చి రాసే ప్రాజెక్టు చేతికొస్తే ఫిలిప్పీన్స్‌ను ఎంచుకోమని గుంటూరు, విజయవాడ కాలేజీల్లో రాజనీతి శాస్త్రం, ప్రభుత్వ పాలన చదివేవాళ్లకు గట్టిగా చెప్తాం. అదీ మనలాగే వరి పండే దేశం, తుపాన్లు తాకే దేశం. వాళ్ల స్థానిక ప్రభుత్వ చట్టం (రిపబ్లిక్ యాక్ట్ 7160) 1991లో వచ్చి 1992 జనవరి 1 నుంచి అమలైంది. మన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దాదాపు ఒకే కాలంలో రెండు దేశాలూ అధికారాన్ని కిందికి దించే పని మొదలుపెట్టాయి. ఎవరు ఎంతవరకు దించారో తెలియాలంటే రాజధానిని చూస్తే చాలదు, ఒక చిన్న మునిసిపాలిటీని పట్టుకుని కింది నుంచి పైకి చదవాలి. ఇక్కడ ఉదాహరణగా బాటానెస్ ప్రావిన్స్‌లోని సబ్‌తాంగ్‌ను తీసుకుంటున్నాం.

దేనితో పోల్చాలో ముందు తేల్చుకోండి. ఫిలిప్పీన్స్ మునిసిపాలిటీని తెనాలి, పొన్నూరు మునిసిపాలిటీలతో పోలిస్తే ప్రాజెక్టు మొదటి పేజీలోనే దారి తప్పుతుంది. అక్కడ మునిసిపాలిటీ అంటే ఊళ్లు, పొలాలు, అడవి, కొండ, తీరం అన్నీ కలిసిన ప్రాంతం. కాబట్టి కొల్లిపర, కాకుమాను లాంటి మండలం పక్కన పెట్టాలి. దాని కింద ఉండే బరంగైని గ్రామ పంచాయతీతో, పైన ఉండే ప్రావిన్స్‌ను జిల్లాతో చూడాలి. దేశంలో 82 ప్రావిన్సులు, 1,490 దాకా మునిసిపాలిటీలు, 42 వేల బరంగైలు ఉన్నాయి. బరంగై లోపలి వాడలను పూరోక్ అనీ, విడిగా ఉండే చిన్న ఆవాసాలను సిత్యో అనీ అంటారు. ఈ రెండింటికీ ఎన్నికైన పాలకవర్గం ఉండదు, లెక్కల్లో వాటిని వేరే ఊళ్లుగా చూపకండి.

తర్వాత కోడ్. శాన్ ఇసిడ్రో, శాన్ హోసే, శాంటా మరియా అనే పేర్లతో వేర్వేరు ప్రావిన్సుల్లో మునిసిపాలిటీలున్నాయి. పేరుతో వెతికితే ఒకదాని జనాభా ఇంకొకదాని పక్కకు చేరుతుంది. అందుకే ఫిలిప్పీన్స్ గణాంక సంస్థ ఇచ్చే భౌగోళిక కోడ్‌తోనే వెతకాలి. ఇప్పటి కోడ్‌లో 10 అంకెలుంటాయి: రీజియన్‌కు 2, ప్రావిన్స్‌కు 3, మునిసిపాలిటీకి 2, బరంగైకి 3. పాత కోడ్‌లో ప్రావిన్స్‌కు రెండే అంకెలు కాబట్టి మొత్తం 9. ఎక్సెల్‌తో ఒక చిక్కుంది. సబ్‌తాంగ్ ఉన్న కగయాన్ వ్యాలీ రీజియన్ కోడ్ 02. ఆ గడిని టెక్స్ట్‌గా మార్చకుండా అతికిస్తే ముందున్న సున్నా పోయి 10 అంకెలు 9 అవుతాయి. చూడ్డానికి అచ్చం పాత కోడ్‌లా ఉంటుంది, జత మాత్రం కుదరదు. డేటా అతికించే ముందే కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టుకోండి.

ఇక భౌగోళికం. బాటానెస్ ఫిలిప్పీన్స్ పెద్ద దీవి లూజాన్‌కూ తైవాన్‌కూ మధ్య సముద్రంలో ఉన్న దీవుల ప్రావిన్స్. అందులో ఆరు మునిసిపాలిటీలు, 29 బరంగైలు. ప్రావిన్స్ కేంద్రం బాస్కో, బాటాన్ దీవిలో ఉంది. సబ్‌తాంగ్ వేరే దీవి. బాస్కో నుంచి రోడ్డు మీద ఇవానా రేవుకు వచ్చి, అక్కడ ఫలోవా అనే గుండ్రటి అడుగున్న పడవ ఎక్కాలి. ఫిలిప్పీన్స్‌లో మరోచోట కనిపించే బంకా పడవలకు పక్కన ఆధారంగా వెదురు బొంగులుంటాయి, ఫలోవాకు ఉండవు. సముద్రం బాగా లేకపోతే పడవలు నడవవు. కాబట్టి ప్రొఫైల్‌లో దూరాన్ని కిలోమీటర్లలో రాసి ఊరుకోవద్దు. ఏ దారిన వెళ్లాలి, ఏ వాతావరణంలో దారి మూసుకుపోతుంది అన్నది రాయాలి. కృష్ణ పొంగినప్పుడు కొల్లూరు, కొల్లిపర వైపు లంక గ్రామాలకు రాకపోకలు ఎలా తెగిపోతాయో తెలిసినవాళ్లకు ఈ వాక్యం ఎందుకు అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

విస్తీర్ణం రాసేటప్పుడు నేలను, నీటిని విడదీయండి. సబ్‌తాంగ్ నేల సుమారు 41 చదరపు కిలోమీటర్లు. జనం లేని ఇవుహోస్ దీవి కూడా ఈ మునిసిపాలిటీలోదే. ఇది కాక, 1998 మత్స్య చట్టం ప్రకారం తీరం నుంచి 15 కిలోమీటర్ల వరకు ఉన్నది మునిసిపల్ జలం, అందులో చేపల వేట నియమాలు మునిసిపాలిటీ పెడుతుంది. మన బాపట్ల తీరంలో ఏ మండలానికీ అలాంటి అధికారం లేదు. తీర ప్రాంత మునిసిపాలిటీని ఎంచుకుంటే ఈ తేడాకు ఒక పేరా కేటాయించవచ్చు.

సబ్‌తాంగ్‌లోని ఆరు బరంగైలు: చవాయన్, మలక్‌దాంగ్, నకన్‌మువన్, సావిదుగ్, సినకన్, సుమ్‌నంగ. బరంగైల పేర్లు అన్నీ రాయడం పేజీ నింపడానికి కాదు. ఊళ్లు తీరం వెంబడి ఎక్కడున్నాయి, మునిసిపల్ కార్యాలయం ఉన్న మధ్యప్రాంతం ఏది అన్నది మ్యాపులో గుర్తిస్తేనే బడి, ఆసుపత్రి, రేవు ఎవరికి దగ్గరో తెలుస్తుంది.

జనాభా దగ్గర తేదీ రాయకుండా అంకె వేయకండి. వాళ్ల లెక్కలు 2020 మే 1 నాటివి, ఆ తర్వాత 2024 జూలై 1 నాటివి ఉన్నాయి. మన దగ్గర చేతిలో ఉన్నది 2011 జనగణన. అదీకాక 2022 ఏప్రిల్ 4న పాత గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్లగా విడిపోయింది. 2011 నాటి జిల్లా మొత్తాన్ని ఇప్పటి గుంటూరు జిల్లా పేరు కింద రాస్తే అది తప్పు లెక్క. మండల స్థాయి అంకెలతోనే పని చేయండి. సబ్‌తాంగ్ జనాభా రెండు వేలలోపు, అంటే చదరపు కిలోమీటరుకు యాభై మంది కూడా ఉండరు.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. కొత్తగా మునిసిపాలిటీ ఏర్పడాలంటే 25,000 జనాభా, 50 చదరపు కిలోమీటర్ల నేల, కనీస ఆదాయం ఉండాలని 1991 చట్టం చెప్తుంది. అది చదివి సబ్‌తాంగ్ అర్హత కోల్పోయిందని రాసేస్తారు. ఆ షరతులు కొత్తగా ఏర్పడేవాటికి, పాతవాటికి కాదు. ఒకటి లేదా అంతకంటే ఎక్కువ దీవులతో ఏర్పడే మునిసిపాలిటీకి విస్తీర్ణం షరతు కూడా వర్తించదు.

ప్రజల గురించి రాసేటప్పుడు 'ఫిలిపినోలు' అని ఆగిపోవద్దు. బాటానెస్ వాసులు ఇవతాన్‌లు, వాళ్ల భాషా ఇవతానే. బడిలో, కార్యాలయంలో ఫిలిపినో, ఇంగ్లిష్ కూడా నడుస్తాయి. సున్నపురాయి, పగడపు రాయితో కట్టిన మందమైన గోడలు, గడ్డి కప్పు ఉన్న ఇళ్లు తుపాను గాలిని తట్టుకోవడానికి. వాకుల్ అనే తలపాగా వుయవుయ్ అనే తాటిజాతి చెట్టు నారతో అల్లుతారు, ఎండకూ వానకూ అదే రక్షణ. చేపలు, దుంపపంటలు, వెల్లుల్లి, పశువులు బతుకుతెరువు. ఈ వివరాలు ఒకదానికొకటి ఎలా ముడిపడ్డాయో రాయండి: గాలికి తట్టుకునేది నేలలో పెరిగే దుంప, అందుకే వరి కంటే దుంపకు అక్కడ పెద్దపీట.

ప్రభుత్వం దగ్గరికి వచ్చేసరికి నిదానించండి, సరుకంతా ఇక్కడే ఉంది. మన మండలంలో ఎంపీపీని ఎంపీటీసీలు ఎన్నుకుంటారు, భూమి పని తహసీల్దారుది, అభివృద్ధి పని ఎంపీడీవోది. అక్కడ మేయర్‌ను ప్రజలు నేరుగా ఎన్నుకుంటారు, కార్యనిర్వహణ ఆయన చేతిలోనే ఉంటుంది. వైస్ మేయర్‌కు వేరే ఓటు వేస్తారు, కాబట్టి ఇద్దరూ వేర్వేరు పార్టీల వాళ్లు కావచ్చు. శాసన మండలి లాంటి సంగూనియాంగ్ బాయన్‌కు అధ్యక్షత వహించేది వైస్ మేయరే, మేయర్ కాదు. అందులో నేరుగా ఎన్నికైన సభ్యులు ఎనిమిది మంది. బరంగై అధిపతుల సంఘం అధ్యక్షుడు, యువజన మండలి సమాఖ్య అధ్యక్షుడు హోదా రీత్యా సభ్యులు. ఆదివాసీ ప్రజలున్నచోట వాళ్ల ప్రతినిధికి కూడా చోటుంటుంది. తీర్మానాన్ని మేయర్ తిప్పి పంపవచ్చు, సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది పట్టుబడితే అది నిలబడుతుంది.

ఎనిమిది మందినీ వార్డుల వారీగా కాక మునిసిపాలిటీ మొత్తం మీద ఎన్నుకుంటారు. ప్రతి ఓటరూ ఎనిమిది పేర్ల దాకా గుర్తించవచ్చు. బరంగైలోనూ అంతే: కపిటాన్ అని పిలిచే అధిపతి, ఏడుగురు కగావద్‌లు, యువజన మండలి అధ్యక్షుడు. మన పంచాయతీలో వార్డు సభ్యుడు తన వీధికి జవాబు చెప్పాలి, అక్కడ ఏ కగావద్‌కూ సొంత వార్డు ఉండదు. ఈ ఒక్క తేడా మీదే ప్రాజెక్టులో మంచి చర్చ నడపవచ్చు. పోలికా ఉంది: బరంగై ఎన్నికలు, మన సర్పంచ్ ఎన్నికలు రెండూ పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి.

యువజన మండలిని మాత్రం వదలొద్దు. 15 నుంచి 30 ఏళ్ల వాళ్లు దానికి ఓటేస్తారు, 18 నుంచి 24 ఏళ్ల వాళ్లు పోటీ చేస్తారు. బరంగై సాధారణ నిధిలో 10 శాతం వాళ్ల చేతికి వెళ్తుంది. మన పంచాయతీరాజ్‌లో దీనికి సరిసమానమైనది లేదు. ఊరి తగాదాలకు లుపోన్ అనే మధ్యవర్తుల బృందం ఉంటుంది, 10 నుంచి 20 మంది. ఒకే మునిసిపాలిటీలో ఉండే ఇద్దరి మధ్య చిన్న తగాదా అయితే ముందు ఈ గడప తొక్కాకే కోర్టుకు పోవాలి.

వైద్యం, వ్యవసాయ సలహా మునిసిపాలిటీ పని. మన పీహెచ్‌సీ రాష్ట్ర ప్రభుత్వం కిందిది, అక్కడి గ్రామీణ ఆరోగ్య కేంద్రం మేయర్ కిందిది. ఉపాధ్యాయులు మాత్రం కేంద్ర విద్యాశాఖ వాళ్లు. ఉద్యోగుల జాబితా రాసేటప్పుడు ఈ గీత గీసుకోండి.

డబ్బు లెక్కకు పాత పేజీలు నమ్మకండి. కేంద్రం పన్నుల్లోంచి స్థానిక ప్రభుత్వాలకు ఇచ్చే వాటాను ఇదివరకు ఐఆర్‌ఏ (ఇంటర్నల్ రెవెన్యూ అలాట్‌మెంట్) అనేవారు. 2018లో వాళ్ల సుప్రీంకోర్టు మందనాస్ కేసులో ఇచ్చిన తీర్పుతో 2022 నుంచి లెక్కించే పన్నుల పరిధి పెరిగింది, పేరు ఎన్‌టీఏ (నేషనల్ టాక్స్ అలాట్‌మెంట్) అయింది. లెక్క ఇలా: మూడేళ్ల కిందటి జాతీయ పన్నులు 100 పెసోలు అనుకోండి. అందులో స్థానిక ప్రభుత్వాలకు 40. దానిలో మునిసిపాలిటీలన్నింటికీ 34 శాతం, అంటే 13.60. దీన్ని జనాభాను బట్టి సగం (6.80), నేలను బట్టి పావు (3.40), అందరికీ సమానంగా పావు (3.40) పంచుతారు. ఆ సమాన భాగం వల్ల సబ్‌తాంగ్ లాంటి చిన్నచోట తలసరి వాటా చాలా ఎక్కువగా కనిపిస్తుంది. దాన్ని చూసి ధనిక మునిసిపాలిటీ అనుకోవద్దు. వచ్చిన వాటాలో కనీసం 20 శాతం అభివృద్ధి పనులకు కేటాయించాలి. సాధారణ ఆదాయంలో కనీసం 5 శాతం విపత్తు నిధి, అందులో 30 శాతం తక్షణ సహాయానికి పక్కన పెడతారు.

ఆస్తిపన్ను మునిసిపాలిటీకే వస్తుందనుకుంటారు. ప్రాథమిక ఆస్తిపన్నులో ప్రావిన్స్‌కు 35, మునిసిపాలిటీకి 40, బరంగైకి 25 శాతం. ఆదాయాన్ని బట్టి మునిసిపాలిటీకి ఇచ్చే తరగతి రాసేటప్పుడూ జాగ్రత్త: 2023 చట్టంతో తరగతులు ఐదే. ఆరో తరగతి అని ఎక్కడైనా కనబడితే అది పాత సమాచారం. అసలు జమాఖర్చులకు ఆడిట్ కమిషన్ ప్రతి మునిసిపాలిటీ మీదా వెలువరించే వార్షిక నివేదిక చూడండి.

పదవుల తేదీలు చివరగా సరిచూడండి. మేయర్ పదవీకాలం మూడేళ్లు, వరుసగా మూడుసార్లకు మించకూడదు. 2025 మే 12న ఎన్నికలు జరిగి జూన్ 30న కొత్తవాళ్లు బాధ్యతలు తీసుకున్నారు. బరంగై ఎన్నికలు 2023 అక్టోబర్ 30న జరిగాయి. 2025లో వచ్చిన చట్టం తర్వాతివాటిని 2026 నవంబర్‌కు మార్చి, పదవీకాలాన్ని నాలుగేళ్లు చేసింది. కార్యాలయానికి ఫోన్ చేసి నిర్ధారించుకోవాలంటే వాళ్ల గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా పని వేళలు, అంటే మనకు 5:30 నుంచి 2:30. మనకు 9:30 నుంచి 10:30 వరకు వాళ్ల భోజన విరామం, ఆ గంట వదిలేసి చేయండి.