చాలా ఏళ్ళ తరువాత మళ్ళీ సైకిలెక్కేవారికి

ఒకప్పుడు వారం వారం దూరాలు తొక్కి, ఆ తరువాత ఉద్యోగం వల్లనో, సంసార బాధ్యతల వల్లనో, ఏదైనా గాయం వల్లనో సైకిలును మూల పెట్టినవారు పదేళ్ళకో పదిహేనేళ్ళకో తిరిగి మొదలుపెట్టాలనుకుంటే, కొత్తగా నేర్చుకునేవారికి లేని చిక్కు ఒకటి వారికి ఎదురవుతుంది. కొత్తవారికి తమ శక్తి ఎంతో తెలియదు కాబట్టి ఆచితూచి తొక్కుతారు. పాతవారికి తమ శక్తి ఒకప్పుడు ఎంత ఉండేదో బాగా గుర్తుంటుంది. సైకిలు మీద నిలకడ, మలుపులో ఒరగడం, ఎత్తు రాకముందే గేరు మార్చుకోవడం వంటి నేర్పులు ఎన్నేళ్ళయినా చాలావరకు పోవు. తగ్గిపోయేది శరీరం మోయగల భారం. మొదటి రెండు మూడు నెలలు ఈ తేడాను గుర్తుంచుకుని తొక్కడమే అసలు కష్టం. మిగిలినదాంట్లో సగం పానా పట్టుకుని చేసుకునే పనే.

శరీరంలో ఏది ముందు, ఏది వెనుక

సాధన ఆపిన రెండు మూడు వారాలకే రక్తంలోని ప్లాస్మా పరిమాణం తగ్గుతుంది. దానితో గుండె ఒక్కో స్పందనకు పంపే రక్తం తగ్గి, అదే వేగంతో తొక్కినా నాడి మునుపటికంటే వేగంగా కొట్టుకుంటుంది. మరికొంత కాలానికి, కండరాలలో ప్రాణవాయువును వాడుకుని శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా సామర్థ్యం కూడా సన్నగిల్లుతుంది. అయితే సాధన తిరిగి మొదలుపెట్టిన కొద్ది వారాలలోనే ఇవన్నీ మళ్ళీ మెరుగుపడడం ప్రారంభిస్తాయి. ఒకప్పుడు బాగా పనిచేసిన కండరం, ఎన్నడూ శ్రమ ఎరుగని కండరం కంటే త్వరగా బలం పుంజుకుంటుంది కూడా.

స్నాయువుల సంగతి అలా కాదు. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే ఈ పట్టీలకు రక్తప్రసరణ తక్కువ కనుక, కొత్త భారానికి అవి అలవాటు పడడానికి నెలలు పడుతుంది. అందువల్ల మూడో వారమో నాలుగో వారమో వచ్చేసరికి ఆయాసం తగ్గి, కాళ్ళలో సత్తువ తెలిసి, పాత రోజులు తిరిగివచ్చాయనిపిస్తుంది. తిరిగి మొదలుపెట్టినవారిలో చాలామంది మోకాలి చిప్ప కింద నొప్పితో ఆగిపోయేది సరిగ్గా ఈ దశలోనే. ఊపిరి సరేనన్నంత మాత్రాన మోకాలు సరేనన్నట్లు కాదు. దూరాన్ని, ఎత్తులను, వేగాన్ని ఎప్పుడు పెంచాలో నిర్ణయించుకునేటప్పుడు ఆయాసాన్ని కాక, మరునాటి ఉదయం మెట్లు దిగేటప్పుడు మోకాళ్ళు ఎలా ఉన్నాయన్నదాన్ని కొలతగా పెట్టుకోవాలి.

గుండెజబ్బు, రక్తపోటు, మధుమేహం ఉన్నవారు, కాస్త శ్రమపడితే ఛాతీలో బిగువు, కళ్ళు తిరగడం, మామూలుకు మించిన ఆయాసం వంటివి గమనించినవారు ముందు వైద్యుణ్ణి సంప్రదించిన తరువాతే మొదలుపెట్టాలి. రక్తపోటుకు గాని, గుండెకు గాని బీటా బ్లాకర్ల తరగతి మందులు వాడుతున్నవారికి నాడి వేగం మందు వల్ల తక్కువగానే ఉంటుంది కాబట్టి, చేతి గడియారం చూపే అంకెను బట్టి శ్రమను అంచనా వేయడం వారికి పనికిరాదు. ఆ మందులు వాడనివారికి సైతం వయసుతో పాటు గరిష్ఠ నాడి వేగం తగ్గుతుంది గనుక, పదేళ్ళ కిందట రాసుకున్న నాడి పరిమితులు ఇప్పుడు చెల్లవు.

మూలనున్న సైకిలును బయటికి తీసినప్పుడు

గాలి కొట్టి, గొలుసుకు రెండు చుక్కల నూనె వేసి బయలుదేరాలన్న ఆత్రుతను ఒక రోజు ఆపుకోవాలి. మొదట చూడవలసినవి టైర్లు. గాలి పూర్తిగా తీసివేసి, టైరు పక్కగోడను రెండు బొటనవేళ్ళ మధ్య వంచి, మంచి వెలుతురులో చుట్టూ చూడాలి. ఎండిన రబ్బరు వంచినచోట వెంట్రుక వాసి పగుళ్ళు వలలా తెరుచుకుంటాయి. ఆ పగుళ్ళలోంచి లోపలి దారాలు కనిపించినా, రబ్బరు గోటితో నొక్కితే నొక్కుపడకుండా గట్టిబడినా ఆ టైరు పనికిరాదు. అరిగిపోలేదు కదా అనుకోకూడదు. నడి రబ్బరు కొత్తగా ఉండి పక్కగోడ పాడైన టైరే ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే అది నిలబెట్టినప్పుడు గాలిని చక్కగా ఆపి, వాలులో వేగంగా దిగుతున్నప్పుడు పేలవచ్చు. ట్యూబులు మార్చేటప్పుడు రిమ్ము లోపల చువ్వల రంధ్రాలను కప్పే పట్టీని కూడా చూడండి. అది జరిగిపోయి ఉంటే ఎంత కొత్త ట్యూబైనా లోపలివైపు నుంచి పంక్చరవుతుంది. ట్యూబ్‌లెస్ టైర్లయితే లోపలి సీలెంటు (చిన్న రంధ్రాలను పూడ్చే ద్రవం) ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది.

గొలుసు అరుగుదలను ఒక మామూలు స్కేలుతోనే కొలవవచ్చు. గొలుసును బిగువుగా ఉంచి, స్కేలు సున్నాను ఒక పిన్ను నడిమధ్యకు ఆనించి, 12 అంగుళాల గీత దగ్గర మరో పిన్ను ఎక్కడ ఉందో చూడాలి. కొత్త గొలుసులో సరిగ్గా గీత మీదనే ఉంటుంది. అంగుళంలో పదహారోవంతు దాటి ఉంటే గొలుసు మార్చాలి. ఎనిమిదోవంతు దాటితే వెనుక పళ్ళచక్రాలు కూడా దానితో పాటే అరిగి ఉంటాయి గనుక, ఒక్క గొలుసునే మారిస్తే గట్టిగా తొక్కినప్పుడు అది పళ్ళ మీద జారుతుంది.

రిమ్ము బ్రేకుల రబ్బరు దిమ్మలు ఏళ్ళ తరబడి వాడకపోతే గట్టిబడి, మెరుపు తేలుతాయి. గరుకు కాగితంతో రుద్ది సరిపెట్టుకోవచ్చని కొందరంటారు గాని, ప్రాణానికి సంబంధించిన చోట ఆ పొదుపు నాకు సబబనిపించదు. కేబుళ్ళతో పాటు మార్చేయడమే మంచిది. హైడ్రాలిక్ డిస్కు బ్రేకులలో రెండు రకాల ద్రవాలు వాడతారు. డాట్ ద్రవం కాలక్రమంలో తేమను పీల్చుకుంటుంది, దానితో అది మరిగే ఉష్ణోగ్రత పడిపోయి, పొడవైన దిగుడులో బ్రేకు మెత్తబడుతుంది. మినరల్ ఆయిలు తేమను అలా కలుపుకోదు. ఒకదానికి ఉద్దేశించిన బ్రేకులో మరొకటి పోస్తే సీళ్ళు పాడవుతాయి గనుక, ఏది పోయాలో లీవరు మీద చూసి నిర్ధారించుకోవాలి.

ముందు బ్రేకు పట్టుకుని సైకిలును ముందుకూ వెనుకకూ ఊపితే హ్యాండిలు మొదట్లో టకటకమంటే హెడ్‌సెట్టు, అంటే హ్యాండిలు తిరిగే చోట ఫ్రేములో ఉండే బేరింగుల అమరిక, వదులైనట్లు. చక్రాన్ని పైకెత్తి తిప్పినప్పుడు చేతికి గరగర తగిలితే బేరింగులలో గ్రీజు ఎండినట్లు. సీటు గొట్టం కదలకుండా ఫ్రేములో పట్టుకుపోయి ఉంటే సుత్తి తీయకండి. అల్యూమినియం గొట్టం ఉక్కు ఫ్రేములో ఏళ్ళ తరబడి ఉంటే రెండు లోహాల మధ్య తుప్పు పట్టి బిగిసిపోతుంది, దానిని విడదీయడం అనుభవమున్న మెకానిక్కు పని. కార్బన్ భాగాలపై గీతలుంటే వేలుగోరు పెట్టి చూసి, గోరు తట్టుకుంటే నిపుణుడికి చూపించాలి.

హెల్మెట్టు విషయంలో అమెరికా వినియోగదారుల భద్రతా సంఘం 5 నుంచి 10 ఏళ్ళకొకసారి మార్చమంటుంది; ఒక్కసారి దెబ్బ తగిలినదైతే, పైకి పగులు కనబడకపోయినా, లోపలి నురుగు నలిగి ఉంటుంది కాబట్టి దానిని వాడనేకూడదు. పాత బూట్లను కూడా బయలుదేరే ముందు రెండు చేతులతో మెలితిప్పి చూడాలి. పాలీయురేథేన్ అడుగు గాలిలోని తేమకు కాలక్రమంలో క్షీణించి, దారి మధ్యలో పొడిపొడిగా రాలిపోవచ్చు.

కూర్చునే తీరు

పాత పుస్తకంలో రాసి ఉంచుకున్న కొలతలు సగమే పనికొస్తాయి. కాలి పొడవు మారదు కాబట్టి సీటు ఎత్తు దాదాపు అదే ఉంటుంది. అది గుర్తులేనివారు సీటు మీద కూర్చుని, మడమను పెడలు మీద ఉంచి, పెడలును అట్టడుగుకు తెచ్చినప్పుడు కాలు పూర్తిగా చాపుకునేంత ఎత్తు పెట్టుకుని, పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు తగినంత వంగుతుంది. ఇది తొలి అంచనా మాత్రమే. అక్కడి నుంచి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున సవరించుకోవాలి. తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగుతున్నదంటే సీటు ఎత్తు ఎక్కువైనట్లే.

మారేది నడుము వంగే తీరు. ఏళ్ళ తరబడి కుర్చీలో కూర్చున్నవారి తొడ వెనుక కండరాలు బిగుసుకుని ఉంటాయి, మెడ మునుపటిలా ఎక్కువసేపు పైకెత్తి ఉండలేదు. కనుక హ్యాండిలును మొదటి నెలల్లో పైకి, దగ్గరకు తెచ్చుకోవాలి. కొత్త తరహా సైకిళ్ళలో స్టెమ్మును (హ్యాండిలును సైకిలు మెడకు కలిపే ముక్కను) తలకిందులు చేసి బిగించడమో, దాని కింద వాషర్లు చేర్చడమో, పొట్టి స్టెమ్ము వేయడమో చేయవచ్చు. పాత ఉక్కు సైకిళ్ళలో మెడలోకి దిగే స్టెమ్మును పైకి లాగేటప్పుడు, దానిపై చెక్కిన గరిష్ఠ ఎత్తు గీత బయటపడకుండా చూసుకోవాలి. ఒకప్పుడు ఎంత కిందికి వంగి తొక్కేవారమన్నది ఇప్పుడు లెక్కలోకి రాదు.

మోకాలి ముందువైపు నొప్పి వస్తే సీటు బాగా కిందికి ఉందేమో, బరువైన గేరులో తొక్కుతున్నారేమో చూడాలి. వెనుకవైపు నొప్పి అయితే సీటు ఎత్తు ఎక్కువై ఉండవచ్చు. చిటికెన, ఉంగరపు వేళ్ళు తిమ్మిరెక్కితే అరచేతి అంచున నరం నొక్కుకుంటున్నది. చేతులు పట్టుకునే చోటును తరచు మార్చాలి, ముందుకు పడుతున్న బరువును తగ్గించాలి. సీటు నొప్పి మొదటి రెండు వారాల్లో సహజమే, కాని మర్మస్థానంలో మొద్దుబారడం సహజం కాదు. దానిని భరించి తొక్కకూడదు, సీటు ముక్కును కొద్దిగా దించి చూసి, అప్పటికీ తగ్గకపోతే సీటునే మార్చాలి. మెత్త ఉన్న పొట్టి లాగులను లోదుస్తులు లేకుండా వేసుకుంటే ఒరిపిడి తగ్గుతుంది.

గేర్లు

ఇక్కడ అహంకారం అడ్డొస్తుంది. పూర్వపు రేసు సైకిళ్ళలో ముందు చిన్నచక్రానికి 39 పళ్ళు, వెనుక పెద్దచక్రానికి 25 పళ్ళు ఉండడం మామూలు. అంటే అన్నిటికంటే తేలిక గేరులో కూడా పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం ఒకటిన్నర చుట్లకు పైగా తిరుగుతుంది. ముందు 34, వెనుక 34 పళ్ళున్న అమరికలో అది ఒక్క చుట్టే. ఎత్తులెక్కేటప్పుడు మోకాళ్ళపై పడే బరువులో ఈ తేడా చాలా పెద్దది. వెనుక గేరు యంత్రం ఎంత పెద్ద చక్రాన్ని అందుకోగలదో తెలుసుకుని, అందుకోగలిగినంత పెద్ద క్యాసెట్టు (వెనుక పళ్ళచక్రాల కూర్పు) వేసుకోవడం సిగ్గుపడవలసిన విషయమేమీ కాదు. నిమిషానికి 80 నుంచి 90 చుట్లు తేలికగా తిప్పగలిగే గేరునే చదునైన దారిలో ఎంచుకోవాలి.

మొదటి పది వారాలు

మొదటి రెండు వారాలు వారానికి మూడుసార్లు, ఒక్కోసారి అరగంట నుంచి ముప్పావుగంట, చదును దారిలో, పక్కనున్నవారితో పూర్తి వాక్యాలలో మాట్లాడగలిగే వేగంతో తొక్కాలి. ఇంకా శక్తి మిగిలి ఉండగానే ఇంటికి చేరాలి, అది తెలిసి చేస్తున్న పనే. రెండు రోజుల మధ్య కనీసం ఒక రోజు విరామం ఇవ్వాలి. మూడో వారం నుంచి ఆరో వారం వరకు వేగం జోలికి పోకుండా, మూడింటిలో ఒక్కదానిని మాత్రమే పది, పదిహేను నిమిషాల చొప్పున పొడిగించుకుంటూ పోయి, నాలుగో వారంలో కావాలనే దూరం తగ్గించాలి. మోకాళ్ళు మొరాయించకపోతే ఏడో వారం నుంచి చిన్న ఎత్తులను తేలిక గేరులో సీటు మీద కూర్చునే ఎక్కవచ్చు. లేచి నిలబడి తొక్కడం, ఊపిరి తిరగని వేగంతో సాధన చేయడం పదో వారం దాటాక చూసుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించిన వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ, మూడుసార్లు యాభై నిమిషాల చొప్పున తొక్కితేనే పూర్తవుతుంది గనుక, ఆరోగ్యం కోసమే తిరిగి మొదలుపెట్టినవారు అంతకుమించి పరుగులు పెట్టవలసిన పనే లేదు.

గంటన్నర దాటని సవారీకి మంచినీళ్ళు చాలు. అంతకంటే ఎక్కువసేపు తొక్కేటప్పుడు గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్ళేలా చూసుకోవాలి. ఆకలి వేసినప్పుడు తిందామనుకుంటే అప్పటికే ఆలస్యమవుతుంది.

పోదనుకున్న నేర్పు కూడా కొంత తుప్పు పడుతుంది. వాహనాలు తిరగని చోట, ముందు బ్రేకును క్రమంగా బిగిస్తూ శరీరాన్ని వెనక్కి జరుపుకోవడం, హ్యాండిలు కదలకుండా భుజం మీదుగా వెనక్కి చూడడం, ఒక చేత్తో నీళ్ళ సీసా తీసి తిరిగి పెట్టడం కాసేపు సాధన చేసి అప్పుడు రోడ్డెక్కాలి. బూటును పెడలుకు తగిలించే రకమైతే స్ప్రింగు బిగువును పూర్తిగా తగ్గించి, గోడ పట్టుకుని పాదం విడిపించడం అలవాటు చేసుకోవాలి. గుంపులో, ముందువారి చక్రానికి జానెడు దూరంలో తొక్కడం వీటి తరువాతి సంగతి.

కొత్త సైకిలు కొనాలనే ఆలోచన ఉంటే దానిని కూడా ఈ పది వారాలు దాటే వరకు వాయిదా వేయాలి. ఈ మధ్యకాలంలో 23 మి.మీ. టైర్ల స్థానాన్ని 28 మి.మీ., అంతకు మించిన వెడల్పువి తక్కువ గాలితో ఆక్రమించాయి, డిస్కు బ్రేకులు మామూలైపోయాయి, కాబట్టి మార్పు తప్పక తెలుస్తుంది. అయితే మొదటి వారంలో అంగడిలో కూర్చుని చూసినప్పుడు హాయిగా అనిపించిన కొలత, నడుము సాగి కాళ్ళు బలపడిన తరువాత పొట్టిగా తోచవచ్చు. పాత సైకిలు మీదనే హ్యాండిలు ఎత్తును నెలకొకసారి సరిచూసుకుని, అది ఏ ఎత్తు దగ్గర స్థిరపడిందో కొలిచి, ఆ కొలతను వెంట తీసుకుని కొనడానికి వెళ్ళాలి.