ప్లాస్మా రియాక్టర్ ఆన్ చేసే ముందు: అనంతపురం ల్యాబుల్లో పనిచేసే పిల్లలకు

ప్లాస్మా రియాక్టర్‌లో (వాయువులో కరెంటు మెరుపు, అంటే ఆర్క్, పుట్టించే యంత్రం) ఉత్ప్రేరకాల కోసం మీథేన్, హైడ్రోజన్‌లతో కార్బన్ నానోట్యూబులు (అతి సన్నని కార్బన్ గొట్టాలు) చేసేవాళ్లు స్విచ్ నొక్కే ముందు ఇవి చూసుకోండి.

☐ గ్యాస్ లీకు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. గాలిలో మీథేన్ 5–15 శాతం, హైడ్రోజన్ 4–75 శాతం ఉంటే చిన్న నిప్పురవ్వ చాలు. లైనులో ప్రెషర్ పెట్టి, ప్రతి జాయింటుకూ సబ్బు నీళ్లు పూసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. రియాక్టర్ ఛాంబర్‌లోని గాలిని పంపుతో లాగేసి, మండని వాయువైన ఆర్గాన్ పంపించాకే మీథేన్ వదలండి. పంపు ఎగ్జాస్టు గొట్టం భవనం బయటికే ఉండాలి.

☐ ఆర్గాన్‌కు వాసన లేదు, గాలికన్నా బరువు, ఊపిరాడకుండా చేస్తుంది. మే ఎండలకు ఏసీ వేసి కిటికీలు మూస్తాం కదా, అప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్, ఆక్సిజన్ అలారం ఆగకూడదు.

☐ రియాక్టర్ కూలింగ్‌కు బోరు నీళ్లు వద్దు, గొట్టాల్లో గార కడుతుంది. డిస్టిల్డ్ వాటరే పోయండి.

☐ కరెంటు పోతే గ్యాస్ వాల్వు దానంతటదే మూసుకోవాలి. ఒకసారి మెయిన్ ఆపి పరీక్షించండి.

☐ ఆర్క్ వెలుగును వెల్డింగ్ అద్దంలోంచే చూడాలి.

☐ పొడి తీసేటప్పుడు తొందర వద్దు, దయచేసి. అందులోని సన్నని ఇనుము, నికెల్ రేణువులకు గాలి తగిలితే నిప్పంటుకోవచ్చు. బాగా చల్లారాక గాలిని మెల్లగా లోపలికి వదలండి. నానోట్యూబులు ఊపిరితిత్తుల్లో చేరితే ప్రమాదం. పనిచేసేవాళ్ల ఆరోగ్య భద్రత చూసే అమెరికా నియోష్ సంస్థ 2013లో సూచించిన పరిమితి ఘనపు మీటరు గాలికి 1 మైక్రోగ్రామే. ఫ్యూమ్ హుడ్ (గాలిని లాగేసే పని గూడు), ఎన్95 మాస్కు, గ్లౌజులు తప్పనిసరి. చీపురు అసలు పట్టొద్దు, తడిగుడ్డతోనే తుడవండి.