సంక్రాంతి స్పెషల్స్ మొదలయ్యేలోపు: డిపోలో మిషన్ ఊదించేవాళ్లకు జాగ్రత్తలు

సంక్రాంతి రద్దీలో ఆర్టీసీ డిపో గేటు దగ్గర పరిస్థితి మీకు తెలియంది కాదు. స్పెషల్ సర్వీసులు వరసగా కదలాలి. వేరే డిపోల నుంచి వచ్చిన డ్రైవర్లు, అద్దె బస్సుల డ్రైవర్లు క్యూలో ఉంటారు. లేటవుతోందని అందరికీ టెన్షన్. ఊపిరిలో ఆల్కహాల్ కొలిచే మిషన్ (బ్రీత్ అనలైజర్) పట్టుకున్న మనిషి తొందరపడితే తాగినవాడు బస్సెక్కుతాడు, లేదా తాగని డ్రైవర్ ఉద్యోగం పోతుంది.

ముందు మిషన్ సంగతి. క్యాలిబ్రేషన్ (కొలత సరిచూసి సరిదిద్దడం) గడువు పండగ మధ్యలో ముగుస్తుందేమో ఇప్పుడే స్టిక్కర్ చూడండి. తేదీ, టైమ్ సరిచేయండి. పేపర్ రోల్, బ్యాటరీ, సీలు తీయని మౌత్‌పీసులు సరిపడా తెప్పించుకోండి. ఒకరు ఊదింది ఇంకొకరికి ఇవ్వకూడదు. జనవరి చలికి రాత్రంతా కిటికీ దగ్గర ఉన్న మిషన్‌ని కాసేపు వెచ్చబడనిచ్చాకే వాడండి.

ప్రతి డ్రైవర్‌కీ ముందు ఖాళీ గాలితో సున్నా చూపించండి. ఇది మొక్కుబడి పని కాదు. టేబుల్ మీద శానిటైజర్ సీసా మూత తీసి ఉన్నా, మీ చేతులకు అప్పుడే రాసుకున్నా ఆ ఆవిరి మిషన్‌కి తగులుతుంది. సున్నా రాకపోతే గది తలుపులు తీసి మళ్లీ చూడండి. అప్పటికీ రాకపోతే ఆ మిషన్ పక్కన పెట్టేయండి.

పాజిటివ్ వస్తే మాత్రం అస్సలు కంగారు పడొద్దు. మౌత్‌వాష్, దగ్గు మందు, హోమియో చుక్కలు, బాగా ముగ్గిన పండు కూడా నోట్లో కాసేపు ఆల్కహాల్ మిగులుస్తాయి. 2025లో కేరళలోని పందళం ఆర్టీసీ డిపోలో పనసపండు తిన్న డ్రైవర్లకు ఇలాగే రీడింగ్ వచ్చింది. నోట్లోది నిమిషాల్లో పోతుంది, రక్తంలోది పోదు. అందుకే అమెరికాలో లారీ, బస్సు డ్రైవర్లకు ఈ పరీక్ష చేసే టెక్నీషియన్లు మొదటి రీడింగ్ 0.02 (అంటే 100 మిల్లీలీటర్ల రక్తానికి సుమారు 20 మిల్లీగ్రాములు) గానీ అంతకు మించి గానీ ఉంటే కనీసం 15 నిమిషాలు ఆగి, 30 నిమిషాలు దాటకుండా రెండోసారి ఊదిస్తారు. ఆ రెండో రీడింగే లెక్క. మనమూ అదే పాటించడం న్యాయం. ఆ 15 నిమిషాలు డ్రైవర్ మీ కళ్ల ముందే కూర్చోవాలి. నీళ్లు, టీ, బీడీ, కిళ్లీ ఏదీ ఇవ్వకూడదు.

"రాత్రి తాగాను సార్, ఇప్పుడు కాదు" అనేవాళ్లు పండగలో ఎక్కువ. వాళ్లు నిజమే చెబుతుండొచ్చు, అయినా బస్సెక్కకూడదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పునే తగ్గుతుంది. రాత్రి 11కి 120 ఉన్నవాడికి తెల్లవారుజామున 4 గంటల సర్వీసుకి ఇంకా 45 దాకా ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. చల్లనీళ్ల స్నానం, కాఫీ, మజ్జిగ ఆ లెక్కను మార్చవు. ఈ మాట డ్రైవర్లకు పండగకు ముందే చెప్పండి.

రీడింగ్ డ్రైవర్‌కి చూపించాలి, కానీ క్యూ అంతా వినేలా అరవకూడదు. ప్రింట్ మీద టైమ్, సాక్షి సంతకం ఉండాలి. రక్తపరీక్ష అడిగితే వెంటనే ఆస్పత్రికి పంపండి. బ్రీత్ అనలైజర్ రిపోర్టు ఒక్కదాన్నే పట్టుకుని డ్రైవర్‌ని ఉద్యోగంలోంచి తీసేయడం చెల్లదని తెలంగాణ హైకోర్టు 2025లో చెప్పింది. ఆస్తమా ఉన్నవాడు ఊదలేకపోవడం వేరు, ఊదనని మొండికేయడం వేరు. ఏది జరిగిందో రాసి పెట్టండి.

అన్నిటికంటే నాకు భయం వేసేది స్పేర్ డ్రైవర్ లేని రాత్రి. బస్సు నిండా జనం, పైనుంచి ఫోన్లు, "ఈసారికి వదిలేయన్నా" అని బతిమాలడం. అప్పుడు కాదనడానికి ఒంటరి మనిషికి బలం చాలదు. కాబట్టి ఈ వారమే డిపో మేనేజర్‌ని అడిగి, ఏ రాత్రి స్పేర్‌లో ఎవరుంటారో పేర్లు, ఫోన్ నంబర్లతో రాయించుకుని మిషన్ పక్కనే అంటించండి.