బిల్లింగ్ యాప్‌లో లెక్కల పుస్తకం – 4వ పాఠం: అమ్మకం ఒక్కసారే

పోయిన పాఠం తర్వాత వచ్చిన ప్రశ్నలు ఎక్కువగా ఒకటే పాట: "సార్, దుకాణం అమ్మకాలు రెట్టింపు కనబడుతున్నాయి." కొంత తప్పు నాదే. బిల్లు కొట్టగానే మీ యాప్ నుంచి లెక్కల సేవకు (పద్దులు రాసిపెట్టే ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్‌కు) పద్దు పంపమన్నాను, బ్యాంకు స్టేట్‌మెంటూ కలపమన్నాను. ఆ రెండూ ఒకే డబ్బు గురించి మాట్లాడతాయని విడిగా చెప్పలేదు. ఈసారి సరుకు వాపసుల పాఠం రావాలి, దాన్ని వెనక్కి జరిపాను.

ఏపీఐ కీ (మీ యాప్ ఆ సేవతో మాట్లాడేందుకు వాడే రహస్య సంకేతం), ఖాతాల జాబితా, పైసల్ని పూర్ణాంకాలుగా దాచుకోవడం మళ్లీ చెప్పను. అవి మీకు వచ్చు.

విజయవాడలో ఒక మొబైల్ సామాన్ల దుకాణం అనుకోండి. 18 శాతం జీఎస్టీతో 11,800 రూపాయల బిల్లు, గిరాకీ కార్డు గీకాడు. మీ యాప్ అప్పుడే పంపాల్సిన పద్దు ఇది: 'కార్డు రావలసినవి' ఖాతాకు డెబిట్ 11,800, అమ్మకాలకు క్రెడిట్ 10,000, సీజీఎస్టీ (కేంద్రం వాటా) 900, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 900. బ్యాంకు ఖాతాను ఇక్కడ ముట్టుకోవద్దు. డబ్బింకా రాలేదు.

మర్నాడు బ్యాంకులో పడేది 11,800 కాదు. కార్డు మెషీను ఇచ్చిన బ్యాంకు కమీషన్ 1.5 శాతం అనుకుంటే 177, దాని మీద జీఎస్టీ 31.86 పోయి 11,591.14 పడుతుంది. రెండో పద్దులో బ్యాంకు, కమీషన్ ఖర్చు, ఇన్‌పుట్ జీఎస్టీ (దుకాణం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోగలిగేది) ఈ మూడింటికీ డెబిట్. 'కార్డు రావలసినవి'కి క్రెడిట్ 11,800. ఆ ఖాతా సున్నా అయింది. రెండో పద్దులో 'అమ్మకాలు' అన్న మాటే లేదు, చూశారా? (కాంపోజిషన్ పథకంలో, అంటే చిన్న వ్యాపారాలు మొత్తం అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతిలో, ఉన్న దుకాణానికి ఇన్‌పుట్ రాదు, ఆ 31.86 కూడా ఖర్చులోకే.)

ఇక నన్ను విసిగించే సంగతి. చాలామంది "బ్యాంకులో జమ పడితే అమ్మకం" అని ఒక రూలు రాసి పడుకుంటున్నారు. చీటీ పాడుకున్న డబ్బు పడింది, అమ్మకమా? అమెరికా నుంచి కొడుకు పంపాడు, అమ్మకమా? హోల్‌సేలరు పాడైన సరుకుకి డబ్బు వెనక్కిచ్చాడు. పోయిన నెల అరువు తీసుకున్నాయన ఫోన్‌పేలో కట్టాడు. ఆ అమ్మకం పోయిన నెలే నమోదైంది కదా! ఓనరు ఇంట్లోంచి తెచ్చి వేసుకున్న యాభై వేలు పెట్టుబడి. జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలతో ప్రభుత్వానికిచ్చే రిటర్ను) బిల్లుల్ని బట్టి వెళ్తుంది, మీ లాభనష్టాల పట్టీ జమల్ని బట్టి ఉబ్బుతుంది. ఆ తేడాకి జవాబు చెప్పుకోవాల్సింది దుకాణదారు, మీరు కాదు. పడ్డ 11,591.14నే అమ్మకంగా రాసినవాళ్లది ఇంకో రకం తప్పు: అమ్మకం, పన్ను కలిసి ముద్దయిపోతాయి.

నా పద్ధతి మొరటుగా ఉంటుంది. బ్యాంకు ఫీడ్ (యాప్‌లోకి వచ్చే బ్యాంకు లావాదేవీల వరుస) నుంచి అమ్మకాల ఖాతాకు దారే మూసేస్తాను, కోడ్‌లోనే. గుర్తుపట్టని జమ 'తేలనివి'లో కూర్చుంటుంది, ఓనరును తెలుగులో అడుగుతుంది: "ఈ డబ్బు ఎక్కడిది?" కృత్రిమ మేధ ఊహించి చెబుతుందంటారు. ఊహను సూచనగా చూపించండి, పద్దుగా రాయకండి.

నెట్‌వర్క్ తడబడి ఒకే బిల్లు రెండుసార్లు వెళ్లినా రెట్టింపే. ప్రతి పద్దుకూ బిల్లు నంబరుతో కట్టిన తాళం పెట్టండి, అదే నంబరు మళ్లీ వస్తే రెండో పద్దు పడకూడదు. తప్పు పద్దును చెరపవద్దు, డెబిట్, క్రెడిట్‌లు తిరగేసి ఎదురు పద్దు వేయండి. కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో మార్పుల జాడ (ఏది ఎప్పుడు మార్చారో చెప్పే చిట్టా) ఉండాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మీ గిరాకీ చిన్న కొట్టే అయినా అలవాటు ఇదే ఉండనీయండి.

అభ్యాసం: శుక్రవారం నుంచి సోమవారం దాకా నలభై బిల్లులు తయారు చేయండి. పన్నెండు కార్డు, ఇరవై యూపీఐ, అయిదు నగదు, మూడు అరువు. శని, ఆదివారాల కార్డు డబ్బు సోమవారం ఒకే మొత్తంగా పడాలి, సోమవారం గీకినది మంగళవారానికి మిగలాలి. మధ్యలో ఒక చీటీ డబ్బు, ఒక పాత అరువు జమ, రెండుసార్లు వెళ్లిన ఒక బిల్లు కలపండి. సోమవారం రాత్రి 'కార్డు రావలసినవి'లో ఆ రోజు గీకినది మాత్రమే పైసాతో సహా మిగలాలి. ఒక్క రూపాయి తేడా వచ్చినా 'రౌండాఫ్' ఖాతాలోకి తోసి నాకు పంపకండి.