లేఓవర్‌లో నిద్ర దక్కించుకోవడం: కొత్త కేబిన్ క్రూకి హోటల్, పికప్ లెక్కలు

లేఓవర్ (రెండు డ్యూటీల మధ్య బయట ఊళ్ళో ఆగే విరామం) హోటల్‌కి వెళ్ళేది నిద్రపోవడానికి. ఊరు చూడటం, షాపింగ్, స్నేహితుల్ని కలవడం అన్నీ ఆ తర్వాతే. కొత్తగా చేరినవాళ్ళు ఈ వరుసను తిరగేస్తారు. మూడో సెక్టారుకల్లా (ఒక టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా ఒక సెక్టారు) కళ్ళు మూతలు పడుతుంటాయి, డోర్ ఆర్మింగ్ (తలుపు తెరిస్తే అత్యవసర స్లైడ్ విచ్చుకునేలా సెట్ చేయడం) దగ్గర చెయ్యి తడబడుతుంది. అందుకే ముందు గంటల లెక్క చూద్దాం.

మన డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధనల్లో విమానాశ్రయానికీ హోటల్‌కీ మధ్య ప్రయాణ సమయం డ్యూటీ కిందకీ రాదు, రెస్ట్ కిందకీ రాదు. రోస్టర్ (డ్యూటీల పట్టిక) తయారు చేసేవాళ్ళు, అంటే షెడ్యూలింగ్ విభాగం, దాన్ని విడిగా కలుపుకోవాలి. కాగితం మీద కలుపుతారు కూడా. తేడా వచ్చేది రోడ్డు మీదే. ఒక ఉదాహరణ: ముంబైలో విమానం 21:20కి ఆగింది, సైన్ ఆఫ్ (డ్యూటీ ముగింపు) 21:50, హోటల్ చేరింది 22:40. మీకు రావాల్సిన రెస్ట్ 12 గంటలైతే మర్నాడు పికప్ 10:40కి ముందు ఉండకూడదు. బస్సు 50 నిమిషాలు ఆలస్యమై 23:30కి చేరారనుకోండి, పికప్ కూడా 11:30కి జరగాలి. ఆలస్యమైన సంగతి షెడ్యూలింగ్‌కి తనంతట తెలియదు. హోటల్ మెట్లెక్కగానే సీనియర్ చేత గానీ మీరే గానీ చేరిన టైమ్‌తో మెసేజ్ పెట్టించండి. మర్నాడు పొద్దున చెబితే ప్రయోజనం లేదు, అప్పటికే విమానం మీ పేరు మీద వేసేసి ఉంటారు. మీ కంపెనీ ఆపరేషన్స్ మాన్యువల్‌లో రెస్ట్ గంటల పేజీని ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకోండి. వాదన వచ్చినప్పుడు జ్ఞాపకం కన్నా పేజీ బాగా పనిచేస్తుంది.

బస్సు ఎక్కే ముందు

ట్రాన్స్‌పోర్ట్ మెసేజ్‌లో బండి నంబరు, డ్రైవర్ పేరు, ఫోన్ నంబరు ఉంటాయి. నంబర్ ప్లేటు కలవకపోతే ఎక్కొద్దు. "ఆ బండి పాడైంది, ఇది పంపారు" అని డ్రైవర్ చెప్పినా ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌కి ఫోన్ చేసి, కొత్త నంబరు మెసేజ్‌గా తెప్పించుకున్నాకే కదలండి. రెండు నిమిషాల పని ఇది.

ట్రాలీలన్నీ ఒకే నలుపు, ఒకే సైజు. హ్యాండిల్‌కి ఎర్ర రిబ్బనో పాత చున్నీ ముక్కో కట్టుకోండి. బ్యాగులు వెనక డిక్కీలోనే పెట్టాలి. నడిచే దారిలో, తలుపు పక్కన పేరిస్తే సడన్ బ్రేక్‌కి మీద పడతాయి, ప్రమాదం జరిగితే బయటికి దారి ఉండదు. విమానంలో ఎగ్జిట్ దగ్గర బ్యాగు పెట్టనివ్వని మనమే బస్సులో పెడితే ఎలా? సీటు బెల్టు వెనక సీట్లో కూడా పెట్టుకోండి. తెల్లవారుజామున 2 నుంచి 6 మధ్య మనిషి శరీరం అన్నిటికన్నా మత్తుగా ఉంటుంది, అది డ్రైవర్‌కీ వర్తిస్తుంది. బండి లేన్ నుంచి పక్కకి జారుతున్నా, డ్రైవర్ మెడ రుద్దుకుంటున్నా, అద్దం దించుకుంటున్నా ముందు సీట్లో ఒకరు కూర్చుని మాట్లాడించండి. అయినా తేరుకోకపోతే వెలుతురున్న పెట్రోల్ బంకులో ఆపించి వేరే బండి అడగండి.

రాత్రి బండిలో ఒక్క అమ్మాయే మిగిలే పరిస్థితి ఉంటే మొదటి పికప్, చివరి డ్రాప్ ఆ అమ్మాయిది కాకుండా రూట్ మార్పించాలి, లేదా ఎస్కార్ట్ అడగాలి. మొహమాటం వద్దు. లైవ్ లొకేషన్ ఇంట్లో ఒకరికి, క్రూలో ఒకరికి పంపండి. దేశమంతా అత్యవసర నంబరు 112.

ఇప్పుడు ఎక్కువ పొరపాట్లు జరిగేది విమానాశ్రయం పేరు దగ్గర. గోవాలో దక్షిణాన దబోలిం ఉంది, 2023 జనవరి నుంచి ఉత్తరాన మోపా కూడా నడుస్తోంది. రోస్టర్‌లో కనిపించే కోడ్ దబోలింకి జీఓఐ, మోపాకి జీఓఎక్స్. చివరి అక్షరం చూడకుండా డ్రైవర్‌కి "ఎయిర్‌పోర్ట్" అంటే రెండోదానికి చేరుస్తాడు, తిరిగి రావడానికి గంటకు పైనే పడుతుంది. ముంబైకి కూడా 2025 డిసెంబర్ నుంచి నవీ ముంబై తోడైంది. ఢిల్లీలో టీ1 వేరే చోట, టీ3 వేరే చోట. బస్సు కదలకముందే విమానాశ్రయం, టెర్మినల్ రెండూ డ్రైవర్ నోటితో చెప్పించుకోండి.

పికప్ టైమ్‌ని వెనక నుంచి లెక్కేయాలి. విమానం 06:10, రిపోర్టింగ్ (విమానాశ్రయంలో డ్యూటీకి హాజరయ్యే టైమ్) 05:10 అనుకుందాం. ప్రయాణం 40 నిమిషాలు, మార్జిన్ 15, అంటే లాబీలో 04:15. అలారం 03:05కి. మార్జిన్ ఎంతన్నది ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. ఢిల్లీలో డిసెంబర్ చివర, జనవరిలో మంచు వల్ల బండి 20 కిలోమీటర్ల వేగంతో పాకుతుంది. ముంబైలో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వాన ఒక్క గంట గట్టిగా పడితే అంధేరీ సబ్‌వే మూసేస్తారు. బెంగళూరులో హోటల్ ఊళ్ళో ఉంటే హెబ్బాళ దాటే టైమే అసలు టైమ్. హైదరాబాద్‌లో గచ్చిబౌలి వైపు హోటల్ అయితే ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా శంషాబాద్ చేరడం తేలిక. మెహదీపట్నం వైపు అయితే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే 11.6 కిలోమీటర్లు సిగ్నల్ లేకుండా ఆరాంఘర్‌లో దిగుతారు. ఆ ఫ్లైఓవర్ ఎక్కే దాకా పట్టే టైమే లెక్కలో పెట్టుకోవాలి.

దేశం దాటితే రోస్టర్‌లో ఉన్నది యూటీసీయా (ప్రపంచమంతా ఒకటే లెక్కించే ప్రామాణిక టైమ్), అక్కడి టైమా అని చూడండి. మన టైమ్ యూటీసీ కన్నా ఐదున్నర గంటలు ముందు, దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లోనే ఉంచి హోటల్ వైఫై మాత్రం వాడితే కొన్ని ఫోన్లలో గడియారం ఇండియా టైమ్‌లోనే ఉండిపోతుంది. అలారం పెట్టే ముందు రూములోని టీవీ గడియారంతో సరిచూడండి.

రూము

రిసెప్షన్‌లో రూము నంబరు పైకి చదివితే మర్యాదగా వేరే రూము అడగండి, ఈసారి కాగితం మీద రాసివ్వమనండి. లిఫ్ట్ పక్కన, ఐస్ మెషీన్ పక్కన, రోడ్డు వైపు కింది అంతస్తు వద్దు. మూడు నుంచి ఆరో అంతస్తు మధ్య మంచిది. అగ్నిమాపక నిచ్చెనలు అందే ఎత్తు, కింద నుంచి ఎవరూ ఎక్కలేని ఎత్తు. తెల్లవారి 4 గంటలకి చేరితే "రూము రెడీగా లేదు, చెక్ఇన్ మధ్యాహ్నం 2 గంటలకి" అనే మాట వినిపిస్తుంది. లాబీ సోఫాలో కూర్చుని సర్దుకుపోవద్దు. డ్యూటీ మేనేజర్‌ని పిలిపించండి, షెడ్యూలింగ్‌కి ఫోన్ చేయండి, రూము ఇచ్చిన టైమ్ రాయించుకోండి.

లోపలికి వెళ్ళగానే బ్యాగు మంచం మీద, కార్పెట్ మీద పెట్టకుండా బాత్‌రూములో గచ్చు మీద పెట్టండి. దుప్పటి మూల ఎత్తి, పరుపు కుట్టు వెంట, తలవైపు చెక్క వెనక ఫోన్ టార్చ్ వేసి చూడండి. మిరియపు గింజ కన్నా చిన్న నల్ల మచ్చలు, గోధుమరంగు పెంకులు కనిపిస్తే నల్లులు. రూము మార్చమనండి, పక్క రూము కాకుండా వేరే అంతస్తులో. నల్లులు గోడ దాటి పక్క గదికి వెళ్తాయి. తర్వాత తలుపు నుంచి మెట్ల దాకా ఎన్ని తలుపులున్నాయో నడిచి లెక్కపెట్టండి. పొగలో కళ్ళు కనబడవు, చేతితో తడుముతూ వెళ్ళాలి.

పడుకునే ముందు ఒక్క సంగతి చాలామంది మర్చిపోతారు. గోడ మీది స్లాట్‌లోంచి కీ కార్డు తీస్తే ఏసీతో పాటు చాలా హోటళ్ళలో ప్లగ్గులూ ఆగిపోతాయి. మీరు భోజనానికి దిగి వచ్చేసరికి ఫోన్ 9 శాతం మీదే ఉంటుంది, ఆ ఫోన్‌లోనే మీ అలారం. రెండో కార్డు అడిగి స్లాట్‌లో వదిలేయండి, లేదా ఫ్రిజ్ ప్లగ్గు వాడండి, అది సాధారణంగా ఆగదు. అలారంతో పాటు ఆపరేటర్‌కి వేకప్ కాల్ చెప్పండి, ఒక సహోద్యోగితో "లేచావా" అని ఫోన్ చేసుకునే ఒప్పందం పెట్టుకోండి. తలుపుకి "డిస్టర్బ్ చేయొద్దు" బోర్డు తగిలించినంత మాత్రాన ఫోన్ మోగడం ఆగదు. వేకప్ కాల్, కంపెనీ కాల్ తప్ప ఏదీ కలపొద్దని ఆపరేటర్‌కి విడిగా చెప్పాలి. కర్టెన్ మధ్య సందులోంచి వెలుగు గీతలా పడుతుంటే అల్మారాలోని ప్యాంట్ హ్యాంగర్ తెచ్చి, దాని రెండు క్లిప్పులతో రెండు అంచులూ కలిపి బిగించండి. పగలు పడుకోవాల్సినప్పుడు దీన్ని మించిన ఉపాయం లేదు.

తిండి, మందు, కస్టమ్స్

తెల్లవారి పికప్‌కి టిఫిన్ బాక్స్ ముందు రాత్రి తొమ్మిదిలోపే చెప్పండి. ఎండాకాలంలో పెరుగన్నం బండిలో రెండు గంటలు దాటితే తినొద్దు. అరటిపండు, ఉడకబెట్టిన గుడ్డు, బ్రెడ్ నయం.

డ్యూటీకి ముందు 12 గంటలు మద్యం ముట్టకూడదు, బ్రెత్ పరీక్షలో సున్నా రావాలి. తాగనివాళ్ళు కూడా ఇరుక్కునేది బాత్‌రూములో ఉచితంగా పెట్టిన మౌత్‌వాష్‌తోనే. హోమియో చుక్కలు, ఆయుర్వేద అరిష్టాలు, కొన్ని దగ్గు మందుల్లోనూ ఆల్కహాల్ ఉంటుంది. సీసా మీద చదవండి, డాక్టర్‌కి మీ ఉద్యోగం చెప్పి మందు రాయించుకోండి.

అమ్మ కట్టిచ్చిన పొడుల సంచీలో గసగసాలు ఉన్నాయేమో దుబాయ్, అబుదాబి వెళ్ళేముందు తప్పక చూసుకోండి. యూఏఈలో అవి నిషేధం, మసాలా పొడిలో కలిసినా అంతే. నెయ్యి, పాల మిఠాయిలు, మాంసం పచ్చళ్ళు బ్రిటన్‌కీ యూరప్‌కీ తీసుకెళ్ళకూడదు. ఆస్ట్రేలియాలో తినే వస్తువు ఏదున్నా ఫారంలో రాయాల్సిందే, క్రూకి మినహాయింపు లేదు.

చెక్అవుట్‌కి ముందు లాకర్, బాత్‌రూము తలుపు వెనక కొక్కెం, మంచం పక్క ప్లగ్గు, ఈ మూడూ చూడండి. స్కార్ఫ్, ఐడీ కార్డు, ఛార్జర్ మిగిలిపోయేది వీటి దగ్గరే. లాబీలో పికప్ టైమ్‌కి ఒకరు రాకపోతే పావుగంట ఆగకుండా వెంటనే వాళ్ళ రూముకి ఫోన్ చేయండి. తీయకపోతే హోటల్ సిబ్బందితో తలుపు కొట్టించండి. బస్సు కదిలేముందు మనుషుల్ని ఒకసారి, బ్యాగుల్ని ఒకసారి పైకి లెక్కపెట్టండి.