బడి మీద తిరిగే గద్దతోనే వేట పక్షుల పాఠం

వేట పక్షుల గురించి చెప్పడానికి అమెరికా గద్ద బొమ్మ ఉన్న చార్టు అక్కర్లేదు. చికెన్ కొట్లు, చెత్తకుప్పలు ఉన్న ఊళ్ళో నల్ల గద్దలు దాదాపు ఎప్పుడూ కనబడతాయి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు రెండు పీరియడ్లు చాలు: ఒకటి ఆరుబయట, ఒకటి గదిలో.

బయటికి ఏ వేళకు తీసుకెళ్తారన్నదే ముఖ్యం. ప్రార్థన వేళకు గద్దలు ఇంకా చెట్ల మీద, టవర్ల మీదే ఉంటాయి. నేల కాగి వేడిగాలి పైకి లేచాక, దాని ఆసరాతో రెక్క ఆడించకుండా సుడులు తిరుగుతూ పైకి పోతాయి. కాబట్టి ఉదయం పదింటికి అటూ ఇటూ పీరియడ్ తీసుకోండి. ముసురు పట్టిన రోజు వద్దు. ఎండ పిల్లల వీపు మీద పడేలా నిలబెట్టండి. బైనాక్యులర్ లేకపోయినా లోటు లేదు. సూర్యుడి వైపు తిప్పితే కంటికే ముప్పు, పైగా ఒక్కటే ఉంటే దాని కోసం తగువులు.

పిల్లలు ముందు రంగు చూస్తారు. ఎదురెండలో ప్రతి పక్షీ నల్లగానే ఉంటుంది కనుక తోక చూడమనండి. నల్ల గద్ద తోక చివర నొక్కు ఉంటుంది. తోకను పూర్తిగా విప్పినప్పుడు ఆ నొక్కు మాయమై అంచు తిన్నగా కనబడుతుంది. తప్పులన్నీ అక్కడే జరుగుతాయి. తోక ముడిచేదాకా ఆగి రాసుకోమనండి. చెరువుల దగ్గర, కోస్తాలో తిరిగే గరుడ పక్షి తోక చివర గుండ్రం. పెద్దదైతే తల, రొమ్ము తెల్లగా, ఒళ్ళు ఇటుక రంగులో ఉంటుంది. పిల్ల మాత్రం నల్ల గద్దలాగే గోధుమ రంగులో ఉంటుంది, అప్పుడూ తోకే ఆధారం. జాలె డేగది వేరే తీరు: పొట్టి గుండ్రటి రెక్కలు, పొడవాటి తోక, నాలుగైదు సార్లు గబగబా రెక్కలు కొట్టి జారుతూ పోవడం.

ఆకాశంలో పోల్చుకోవడానికి పక్కన ఏమీ ఉండదు కాబట్టి పరిమాణం అంచనాకు అందదు. వరండాలో మూడు తాళ్ళు పరిచి చూపండి: జాలె డేగ రెక్కల విప్పుకు 60 సెంటీమీటర్లు, నల్ల గద్దకు 1.4 మీటర్లు, పొడుగు ముక్కు రాబందుకు 2.2 మీటర్లు. పిల్లలు చేతులు చాచి తాడు పక్కన పడుకుంటే కొలత ఇక మరిచిపోరు.

రెండో పీరియడ్ రాబందులది. ముప్పై మందిని పదేసి మంది మూడు గుంపులు చేయండి. పెట్టెలో 20 చీటీలు, అందులో ఒకటి ఎర్రది. ప్రతి చీటీ ఒక పశువు కళేబరం. గుంపుకొకరు తీయాలి, ఎర్రది వస్తే ఆ గుంపంతా కూర్చోవాలి, ఎందుకంటే ఒకే కళేబరం మీద రాబందులు గుంపుగా వాలతాయి. తీసిన చీటీ మళ్ళీ పెట్టెలో వేసి కలపాలి. ఇది మరిచిపోతే చీటీలు తగ్గేకొద్దీ ఎర్రది వచ్చే అవకాశం పెరిగి లెక్క తప్పుతుంది. రెండు రౌండ్లకు ఒక్కరినే తిరిగి లేవనివ్వండి: రాబందు ఏడాదికి పెట్టేది ఒక్క గుడ్డే.

తర్వాత అసలు సంగతి చెప్పండి. ఎర్ర చీటీ పేరు డైక్లోఫెనాక్, ఒకప్పుడు పశువులకు ఇచ్చిన నొప్పి మందు. అది రాబందు మూత్రపిండాలను చెడగొడుతుంది. నూటికి ఒక్క కళేబరంలో ఉన్నా రాబందులు తుడిచిపెట్టుకుపోవడానికి అది చాలని శాస్త్రవేత్తల లెక్క; 1990ల నుంచి మన దేశపు రాబందులు దాదాపు అలాగే పోయాయి. పశువైద్యంలో దాన్ని 2006లో నిషేధించారు. బదులుగా వాడే మెలోక్సికాం రాబందులకు హాని చేయదు. కుళ్ళిన మాంసం తినే చచ్చాయని పిల్లలు అనుకుంటారు, అక్కడే సరిదిద్దండి. కుళ్ళును అరిగించుకోవడమే వాటి పని. తెలంగాణలో బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్ళు పెట్టాయి, పటంలో చూపించండి.

ఈకలు, గోళ్ళు తెమ్మని మాత్రం చెప్పకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ఒప్పుకోదు. సంక్రాంతి రోజుల్లో మాంజా చుట్టుకుని గద్ద పడితే పిల్లల్ని దూరంగా ఉంచి, పెద్దవాళ్ళే మందపాటి గుడ్డ కప్పి, గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో చీకట్లో ఉంచాలి. దారాన్ని లాగకూడదు, ముక్కులో నీళ్ళు పోయకూడదు. వెంటనే అటవీ శాఖకు ఫోన్ చేయండి.